బిడ్డ వేలు పట్టుకుని ఒక రోజు: 'పెద్దతోడు' ప్రయాణాలకు విరాళాల విజ్ఞప్తి

భక్త మహాశయులకు, కాలనీ పెద్దలకు, ఊరు వదిలి చెన్నైలోనో బెంగళూరులోనో స్థిరపడినా శ్రీరామనవమికి మరవకుండా వచ్చే మన ఇంటి బిడ్డలకు తిరుపతి రాములవారి గుడి కమిటీ నమస్కారాలు. ఇంట్లో పెద్దల తోడు దొరకని పిల్లలకు ఒక పెద్దను తోడు ఇచ్చే 'పెద్దతోడు' పని కోసం ఈ విజ్ఞప్తి.

మన గుడి ముందు మండపంలో, కుడివైపు రెండో స్తంభం పక్కన, రాతి నేల మీద పులి-మేక గీతలున్నాయి. మన తాతల కంటే ముందువాళ్ళు ఎవరో ఉలితో చెక్కి పెట్టిపోయారు. ఏళ్ళ తరబడి అవి చెప్పుల స్టాండు కింద ఉండిపోయాయి. నిరుడు ఆ స్టాండును గోడ పక్కకు జరిపి, రాళ్ళను కడిగించాం. ఆ సాయంత్రమే రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన మూడు చింతపిక్కలను పులులుగా, పదిహేను గులకరాళ్ళను మేకలుగా పెట్టుకుని, మెట్ల మీద ఊరికే కూర్చున్న ఒక అబ్బాయిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆ అబ్బాయి ఎనిమిదో తరగతి. తండ్రి లేడు. తల్లి ఒక హోటల్లో గిన్నెలు కడిగి రాత్రి పది దాటాక ఇంటికి వస్తుంది. అంతవరకూ వాడు గుడి మెట్ల మీదే ఉంటాడు. ప్రసాదం పెడితే తీసుకుంటాడు, పలకరిస్తే తల ఊపుతాడు. అంతకుమించి వాడి గొంతు మాలో ఎవరమూ వినలేదు.

మేకను ఒంటరిగా పెడితే పులి దాని మీదుగా దూకి తీసుకుపోతుంది. ఆ మేక వెనక ఇంకో మేక ఉంటే పులికి దారి ఉండదు. ఈ సంగతి అర్థమయ్యేదాకా వాడు నాలుగు ఆటలు ఓడిపోయాడు. ఐదో ఆటలో మూడు పులులనూ కట్టేశాడు. దీపాలు పెట్టే వేళయింది, పెద్దాయన లేచి పంచె దులుపుకుంటుంటే వాడు అడిగాడు: "రేపు కూడా వస్తారా తాతా?"

ఆయన మరునాడూ వచ్చారు. 'పెద్దతోడు' అని మనం పిలుచుకుంటున్న పని అలా మొదలైంది. ఇప్పుడు అందులో 24 మంది పిల్లలు, 17 మంది పెద్దలు ఉన్నారు. నెలకు కనీసం రెండు ఆదివారాలు ప్రతి పెద్దమనిషీ తనకు అప్పగించిన బిడ్డతో గడపాలి. ఇది ట్యూషన్ కాదు, శ్లోకాల తరగతీ కాదు. కలిసి నడవడం, కలిసి చూడడం, కలిసి ఆడడం, కలిసి తినడం. ఇంతే.

ఎవరీ పిల్లలు అని దూరాన ఉన్నవాళ్ళు అడుగుతున్నారు. మన తిరుపతి, యాత్రికుల కోసం ఇరవైనాలుగు గంటలూ మేలుకుని ఉండే ఊరు. ఊరు అలా మేలుకుని ఉండాలంటే ఎవరో ఒకరు తమ ఇంట్లో లేకుండా ఉండాలి. హోటళ్ళలో వంటవాళ్ళు, కొండ మీద దుకాణాల్లో పనిచేసేవాళ్ళు, తెల్లవారుజామున మూడింటికే పూలు కట్టడానికి కూర్చునే తల్లులు, రాత్రీ పగలూ జీపు తోలే తండ్రులు. ఆ ఇళ్ళ పిల్లలే వీళ్ళు. పండగ సెలవులు వస్తే రద్దీ పెరుగుతుంది, అమ్మానాన్నలకు పని పెరుగుతుంది, పిల్లలకు ఇల్లు మరింత ఖాళీ అవుతుంది. దేశం నలుమూలల నుంచి వచ్చి జనం చూసిపోయే చోట్లను ఇక్కడే పుట్టిన ఈ పిల్లల్లో చాలామంది చూడలేదు. పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన చంద్రగిరి కోట మనకు బస్సులో అరగంట దూరం కూడా ఉండదు. మేము తీసుకువెళ్ళేదాకా 24 మందిలో 19 మంది అందులో అడుగు పెట్టలేదు. రాజమహల్ మెట్లెక్కుతూ ఒక చిన్నది, "ఇది మనదేనా, టిక్కెట్టు కొన్నవాళ్ళదా?" అని తన తోడు అక్కను అడిగింది. మనదేనని ఆమె చెప్పింది. ఆ జవాబు నిజం కావాలంటే ఆ టిక్కెట్టు డబ్బులు మనం సమకూర్చాలి.

కొందరు భక్తులు మనసు నొచ్చుకుని అడిగిన ప్రశ్న ఒకటుంది. గుడి డబ్బు షికార్లకు ఖర్చు చేయడమేమిటి, గోపురానికి రంగులు వేయించాల్సి ఉంది కదా అని. వారి భక్తిని గౌరవిస్తూనే చెబుతున్నాం. హుండీ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఈ పనికి తీయలేదు, తీయం. అందుకే విడిగా ఈ విజ్ఞప్తి. కానీ ఇది గుడికి సంబంధం లేని పని అంటే మాత్రం ఒప్పుకోలేం. తిరునాళ్ళు అంటే ఏమిటి? తాత వేలు పట్టుకుని, మేనమామ భుజమెక్కి ఊరంతా చూడడమే కదా. గంగమ్మ జాతరలో బైరాగి వేషమో బండ వేషమో కట్టిన పిల్లవాడి వెంట ఇంటి పెద్ద ఒకరు నడుస్తూనే ఉంటారు. ఆ పెద్ద లేని ఇంటి బిడ్డకు పెద్దను ఇవ్వడం గుడి చేయాల్సిన పనేనని మా నమ్మకం. మండపంలో ఆట గీతలు చెక్కినవాళ్ళకు ఇది మనకంటే బాగా తెలుసు.

ఈ ఏడాదిలో మేము నేర్చుకున్నదీ చెప్పాలి. మొదటిసారి శ్రీ వేంకటేశ్వర జూకు వెళ్ళినప్పుడు తప్పు చేశాం. 1987లో మొదలైన ఆ జూ 5,532 ఎకరాల్లో ఉంది. ఒక్క రోజులో అన్నీ చూపించేయాలన్న ఆత్రంతో పిల్లలను వరుసలో నిలబెట్టి, ఈల ఊదుతూ నడిపించాం. పిల్లలు ముందు వరుసలో, పెద్దలు వెనక తమలో తాము మాట్లాడుకుంటూ. మధ్యాహ్నానికి చిన్నవాళ్ళు అలసి చెట్టు కింద కూలబడ్డారు. ఇంటికి వచ్చాక ఏం చూశావని అడిగితే ఒకడు "ఎండ" అన్నాడు. రెండోసారి వరుస లేదు, ఈల లేదు. ప్రతి జంటా తమకు ఇష్టమైన ఒక్క జంతువును ఎంచుకుని, దాని దగ్గర అరగంట కూర్చోవాలి, అంతే. పెద్దపులి దగ్గర కూర్చున్న జంటకు మొదటి ఇరవై నిమిషాలూ తోక తప్ప ఏమీ కనబడలేదట. ఆ ఇరవై నిమిషాల్లో ఆ అమ్మాయి తన ఇంటి కథంతా తోడు అత్తకు చెప్పింది. ఎక్కువ చోట్లు తిప్పడం కంటే ఒక్క చోట తీరిగ్గా కూర్చోవడమే మంచిదని అప్పటి నుంచి మా పద్ధతి మారింది.

శ్రీకాళహస్తి ప్రయాణం మరోలా జరిగింది. వాయులింగ దర్శనం అయ్యాక కలంకారీ వేసే ఒక ఇంటికి వెళ్ళాం. కలం అంటే వెదురుపుల్ల. కొసకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ముంచితే ఆ ఉండ రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొస నుంచి సన్నగా దిగుతుంది. బట్టను ముందే కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. నల్లరంగేమో తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నీళ్ళలో ఊరబెట్టి తీసింది. గీసినప్పుడు వెలిసిపోయినట్టు కనిపించే గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ మార్పు చూడడానికి పిల్లలందరూ బట్ట మీదకు వంగిపోయారు. ఒక అమ్మాయి ఆత్రంగా నొక్కేసరికి కలం నుంచి పెద్ద చుక్క రాలి నెమలి మెడ మీద పడింది. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. దానికి తోడుగా వచ్చిన ఆవిడ మన వీధిలో బట్టలు కుట్టేవారు. ఆవిడ కలం తీసుకోలేదు. పక్కన కూర్చుని, ఆ చుక్క చుట్టూ రేకులు గీయమని మాత్రం చెప్పారు. పది నిమిషాల్లో ఆ నెమలి మెడలో పూలదండ పడింది. ఆ గుడ్డ ముక్క ఇప్పుడు ఆవిడ కుట్టుమిషను పైన గోడకు వేలాడుతోంది.

రాబోయే ఏడాది పది ప్రయాణాలు అనుకుంటున్నాం. దగ్గరివి ఆరు: వానలు పడి జలపాతం దూకే రోజుల్లో కపిలతీర్థం, అలిపిరి దారిలోని సైన్స్ సెంటర్, ప్రాచీన శివలింగమున్న గుడిమల్లం, మళ్ళీ ఒకసారి చంద్రగిరి, మళ్ళీ జూ, పొద్దు పొడిచాక బయలుదేరి అందరం ఒకే గుంపుగా శ్రీవారి మెట్టు నడక. ఆ దారిలో 2,388 మెట్లు. లెక్క తప్పకుండా ఎవరు చెబుతారో చూడాలని పిల్లలు ఇప్పటికే పందెం వేసుకున్నారు. మెట్లెక్కిన రోజే శిలాతోరణం కూడా చూస్తాం.

దూరపు ప్రయాణాలు నాలుగు, డబ్బు ఎక్కువ అయ్యేవీ ఇవే. తలకోన అడవిలో 270 అడుగుల పైనుంచి పడే నీళ్ళను దూరం నుంచే చూస్తాం, నీటిలోకి ఎవరినీ దింపం. రెండోది చలికాలంలో పక్షులు చేరే నేలపట్టు, పులికాట్ సరస్సు. చెరువు నీళ్ళలో పెరిగే కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకున్న గూడబాతుల కూనలు తల్లి నోటి సంచిలో తల దూర్చి మేత తినడం మన పిల్లలు చూడాలి. ఆ ఊళ్ళవాళ్ళు పక్షులను తమ ఊరి చుట్టాల్లా కాపాడుకుంటారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని వారికి తెలుసు. అది కూడా అక్కడివారి నోటనే వినాలి. మూడోది శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం తేదీ మన చేతిలో ఉండదు. ప్రకటన వచ్చాక పేర్లు నమోదు చేసుకుని వెంటనే కదలాలి. కాబట్టి ఆ డబ్బు ముందే సిద్ధంగా ఉండాలి.

నాలుగోది మా అందరికీ ఎక్కువ ఇష్టమైనది. వేసవిలో చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారత యజ్ఞాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ అంతెత్తు తపస్సు మాను ఎక్కుతుంటే కింద వేలమంది తలలెత్తి చూస్తారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర భీముడు గద తిప్పుతూ పరిగెడతాడు. మన చిన్నతనంలో చాప చుట్టుకుని వెళ్ళి, పెద్దవాళ్ళ ఒడిలో తల పెట్టుకుని సగం నాటకం నిద్రలో చూసినవాళ్ళమే మనమంతా. ఈ పిల్లలకు ఆ ఒడి కావాలి.

ప్రయాణం లేని ఆదివారాల్లో మండపంలో పులి-మేక, వామనగుంటలు, అచ్చనగాయలు, చెక్కభజన నడుస్తాయి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఇక లెక్క. దూరపు ప్రయాణం ఒక్కోదానికి బస్సు అద్దె, టిక్కెట్లు, భోజనం కలిపి 18,500 రూపాయలు, నాలుగింటికి 74,000. దగ్గరివి ఒక్కోటి 5,000 చొప్పున ఆరింటికి 30,000. ఆట సామాను, రంగులు, బట్ట, చెక్కభజన చెక్కలకు 12,000. మందుల పెట్టెకు, అత్యవసరానికి 4,000. మొత్తం 1,20,000 రూపాయలు. అంటే ఒక బిడ్డకు ఏడాదికి 5,000. ఆ 5,000 ఇవ్వగలిగితే ఒక బిడ్డ ఏడాదిని మీరు మోసినట్టే. 500 ఇచ్చినా, 50 ఇచ్చినా అదే పుస్తకంలో అదే సిరాతో రాస్తాం. ప్రతి ప్రయాణం తర్వాత ఖర్చుల పట్టీ, బిల్లులతో సహా, గుడి నోటీసు బోర్డు మీద పెడతాం.

వస్తువులుగా ఇచ్చేవారూ ఉన్నారు. నిరుడు పులిహోరకు బియ్యం, పెరుగన్నానికి పెరుగు ప్రతిసారీ ఒకే ఇంటి నుంచి వచ్చాయి, పేరు చెప్పవద్దన్నారు. ఈసారి టోపీలు, నీళ్ళ సీసాలు, పక్షులను చూడడానికి నాలుగు బైనాక్యులర్లు కావాలి. వాడినవైనా ఫరవాలేదు.

కొన్ని కట్టుబాట్లు దాతలకు తెలియాలి. తల్లిదండ్రుల్లో ఒకరు, లేదా పెంచేవారు, సంతకం పెట్టనిదే బిడ్డ బస్సు ఎక్కడు. ఏ పెద్దా ఏ బిడ్డనూ గుంపు నుంచి విడిగా, ఒంటరిగా తీసుకువెళ్ళకూడదు, ఎంత నమ్మకస్తులైనా సరే. ప్రతి ప్రయాణంలో కనీసం నలుగురు ఆడవారు ఉంటారు. తోడుగా ఉండేవారు బిడ్డకు ఖరీదైన బహుమతులు కొనకూడదు. పక్క బిడ్డ మనసు కష్టపడుతుంది. పిల్లల ఫోటోలు ఫ్లెక్సీల మీద వేయం, దాతలకు పంపం. సాయం పొందినవారిగా ఊరిలో ముద్ర పడడం ఏ బిడ్డకూ మంచిది కాదు. ఈ విషయంలో ఎంత పెద్ద దాత అడిగినా కమిటీ మాట మారదు. గుడిలో మొదలైన పని కాబట్టి ఫలానా మతం, ఫలానా కులం పిల్లలే రావాలన్న నియమం లేదు. ఇప్పుడున్న 24 మందిలో అన్ని రకాల ఇళ్ళవాళ్ళూ ఉన్నారు.

డబ్బుతో పాటు మనుషులూ కావాలి. 24 మంది పిల్లలకు 17 మందే పెద్దలు కాబట్టి ఏడుగురు ఇద్దరేసి పిల్లలను చూసుకుంటున్నారు. ఇంకో ఏడుగురు ముందుకు వస్తే ప్రతి బిడ్డకూ తనదంటూ ఒక తోడు దొరుకుతుంది. చదువు, ఉద్యోగం, డబ్బు ఏవీ అక్కరలేదు. నెలకు రెండు ఆదివారాలు తప్పకుండా రాగలగాలి. రెండుసార్లు వచ్చి మానేసేవారు దయచేసి మొదలుపెట్టకండి. ఈ పిల్లలు ఎదురుచూసి ఎదురుచూసి ఇప్పటికే అలసి ఉన్నారు.

విరాళాలు గుడి ఆఫీసులో రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు తీసుకుంటాం. రసీదు అడిగి తీసుకోండి. ఫోను ద్వారా పంపేవారు ఆఫీసు గోడ మీద అతికించిన కోడ్‌నే వాడండి. వేరెక్కడి నుంచైనా మీకు వచ్చిన కోడ్‌ను నమ్మకండి. బయటి ఊళ్ళలో ఉన్నవారు ఇక్కడి మీ బంధువులను ఒకసారి గుడికి పంపితే వివరాలు రాసి ఇస్తాం. విజయదశమి లోపు అందితే దూరపు ప్రయాణాలకు బస్సు ముందే మాట్లాడుకోగలం.

తోడుగా ఉండాలనుకునేవారు వచ్చే ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మండపానికి రండి. ఆర్టీసీ తాత, ఆ అబ్బాయి రెండో స్తంభం పక్కనే ఉంటారు. ఈమధ్య పులులు పెట్టేది ఆ అబ్బాయే.

ఇట్లు
రాములవారి గుడి కమిటీ, తిరుపతి