'షుగర్‌కు చెక్' అని వేసేముందు ఆక్సిజన్ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో 'షుగర్‌కు శాశ్వతంగా చెక్' అని వార్త వేశారు. ఇన్సులిన్ చేసే బతికున్న కణాలను చిన్న పరికరంలో నింపి చర్మం కింద అమరుస్తారనీ, ఇక సూదులతో పని లేదనీ రాశారు. ఎనిమిది కొట్టేలోపు నాకు 11 ఫోన్లు వచ్చాయి. మా అమ్మాయికి తొమ్మిదో ఏట టైప్-1 షుగర్ వచ్చింది. ఇప్పుడు 19. రోజుకు నాలుగు సూదులు. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు కాబట్టి ఎక్కడ ఏ వార్త పడినా ముందు మోగేది మా ఇంట్లో ఫోనే.

నేను డాక్టర్ని కాను. మా జిల్లాలోని ఉండి ఊరి దగ్గర ఆరెకరాల చెరువుల్లో వనామి రొయ్యలు వేస్తాను. అమ్మాయి బయోటెక్నాలజీ చదువుతోంది. ఈ పరికరాల మీద వచ్చిన పరిశోధనలు చదివి, రాత్రి అన్నాల దగ్గర నాకు చెబుతుంది. సగం నా బుర్రకెక్కదు. కానీ పెట్టెలో పెట్టిన కణాలు ఎందుకు చచ్చిపోతున్నాయమ్మా అంటే, "ఎక్కువ భాగం ఊపిరాడక, నాన్నా" అంది. "చెరువులో లాగా పిల్ల ఎక్కువ వేశారా?" అన్నాను. "అంతే" అని నవ్వింది.

మూడేళ్ల కిందట ఆశకొద్దీ ఎకరాకు లక్షన్నర రొయ్యపిల్ల వదిలాను. ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నలభై నిమిషాలు ఆగాయి. గట్టు మీదకు వెళ్లి చూస్తే రొయ్యంతా తేలి ఉంది. మేత ఉంది, నీళ్లున్నాయి, జబ్బు లేదు. గాలి చాలలేదు, అంతే.

కణాలదీ ఇదే లెక్కట. ఒంట్లో దాదాపు ప్రతి కణం పక్కనే, వెంట్రుకవాసి దూరంలో రక్తనాళం ఉంటుంది. మిల్లీమీటరులో ఐదో వంతు దూరం జరిగితే ఆక్సిజన్ అందదు. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాల గుంపులు, అంటే లాంగర్‌హాన్స్ పుటికలైతే మరీ ఆశపోతులు. క్లోమం బరువులో నూటికి ఒకటో రెండో వంతులే ఉండి, దానికొచ్చే రక్తంలో పదో వంతుకు పైగా అవే లాక్కుంటాయి. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ డాక్టర్లు, చనిపోయిన దాతల నుంచి తీసిన పుటికలను ఏడుగురికి ఎక్కించి ఇన్సులిన్ మాన్పించారు. కిలో బరువుకు 11 వేల పైచిలుకు పట్టాయి. మా అమ్మాయి 48 కిలోలు. అంటే తనకైతే ఐదు లక్షలు దాటతాయి. వాటిని కాలేయానికి వెళ్లే రక్తంలో వదిలారు కాబట్టి చెల్లాచెదురై బతికాయి. అన్నిటినీ ఒకే సంచిలో కుక్కితే నడిమధ్యవి ముందు పోతాయి.

మరి సంచి ఎందుకంటారా? నీళ్లు పెట్టే గొట్టానికి మనం వల కడతాం కదా, పరాయి చేప చెరువులోకి రాకుండా. అలాగే ఆ సంచి పొర చక్కెరనూ ఇన్సులిన్‌నూ ఆక్సిజన్‌నూ పోనిచ్చి, ఒంట్లోని రక్షణ కణాలను మాత్రం ఆపుతుంది. అప్పుడు రోగనిరోధక శక్తిని అణిచే మందులు జీవితాంతం మింగక్కర్లేదు. ఆలోచన బంగారం. కానీ వలకు పాచి పట్టి కళ్లు మూసుకుపోయినట్టు, పొర చుట్టూ ఒళ్లే మచ్చలాంటి కండ కట్టేస్తుంది. అమెరికాలో వయాసైట్ కంపెనీ 2014లో మనుషుల్లో మొదలుపెట్టిన పరికరానికి తగిలిన దెబ్బ ఇదే. ఆ తర్వాత వాళ్లు రక్తనాళాలు లోపలికి పాకేలా కన్నాలున్న పరికరం చేశారు. దానికి మళ్లీ ఆ మందులే కావాలి.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒకాయనకు పెట్టిన పరికరం గురించి విన్నప్పుడు మాత్రం నాకు భలే ముచ్చటేసింది. బీటా-ఓ2 అనే కంపెనీది. కణాల పక్కనే ఆక్సిజన్‌కు చిన్న గది పెట్టి, రోజూ బయటి నుంచి సూదితో నింపారు. అచ్చం ఏరియేటరే! పది నెలలు కణాలు బతికాయి. కానీ ఆయన ఇన్సులిన్ మానలేదు. పైగా సూది తప్పించడానికి రోజూ ఇంకో సూది.

పరికరాలన్నీ ఓడిపోలేదు. 2025 మార్చిలో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, ఎన్‌సెల్టో అనే కంటి పరికరాన్ని అనుమతించింది. ఆరు మిల్లీమీటర్ల గొట్టం, లోపల దారపు పోగులు, వాటిని పట్టుకుని రెండు నుంచి నాలుగున్నర లక్షల లోపు కణాలు. మాక్‌టెల్ అనే రెటీనా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేసే ప్రొటీన్‌ను అవి కంట్లోనే విడుస్తూ ఉంటాయి. ఈ రకం గొట్టాలను రెండేళ్ల తర్వాత బయటికి తీసి చూసినా కణాలు పనిచేస్తూనే ఉన్నాయి. అవి మొండి కణాలు, తక్కువ గాలితో బతుకుతాయి, రోజంతా ఒకేలా పనిచేస్తే చాలు. అన్నం తిన్నప్పుడల్లా పని పెంచి, తర్వాత తగ్గించే బాధ వాటికి లేదు.

మీరు వార్త వేసిన ఇన్సులిన్ కణాల సంగతికొస్తే, వెర్టెక్స్ కంపెనీవి రెండు ప్రయోగాలు. పరికరం లేకుండా కాలేయంలోకి వదిలినదాంట్లో పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాదికి ఇన్సులిన్ మానేశారు. అది నిజమే, సంతోషమే. కానీ వాళ్లంతా రోగనిరోధక శక్తిని అణిచే ఆ మందులు వాడుతున్నారు, ఆ ప్రయోగంలోనే ఒకరు మెదడు పొరల ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. అవే కణాలను పరికరంలో పెట్టిన రెండో ప్రయోగాన్ని, ఇన్సులిన్ సరిపడా రావడం లేదని 2025 మార్చిలో ఆపేశారు. మీ వార్తలో మొదటిదాని ఫలితం, రెండోదాని బొమ్మ కలిసిపోయాయి.

ఆ బొమ్మ చూసే మా బావమరిది సిటీలో ఒక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. వెళ్లాం. స్టెమ్‌సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తాం, నాలుగు లక్షలు అన్నారు. ఎన్ని కణాలండీ, ఎక్కడ వదులుతారు, వాటికి గాలెట్లా అని అడిగాను. "అవన్నీ డాక్టర్‌గారు చూసుకుంటారు" అంది కౌంటర్‌లో అమ్మాయి. రొయ్యపిల్ల కొనేముందు, దాన్ని పెంచి అమ్మే హేచరీ వాడు కూడా ఇంతకన్నా ఎక్కువ చెబుతాడు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులు కొన్నిటికి తప్ప, అనుమతి పొందిన ప్రయోగాల బయట స్టెమ్‌సెల్స్ ఎక్కించకూడదని తిరుగు బస్సులో మా అమ్మాయే చెప్పింది.

ఈసారి ఇలాంటి వార్త వేస్తే కణాలను పరికరంలో పెట్టారా, విడిగా వదిలారా, మందులు మింగాలా అక్కర్లేదా, ఎంతమంది మీద చూశారు అన్నది మొదటి పేరాలోనే రాయండి. పోయిన ఆదివారం వార్తకు సవరణ కూడా వేయండి, లోపలి పేజీలో అయినా సరే. నా పేరు మాత్రం అచ్చు వేయకండి. వేస్తే మళ్లీ ఫోన్లు మొదలవుతాయని అమ్మాయి అంటోంది.

— ఒక రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా