మందు మళ్లీ కలపను: మా దాణా వాడే రైతులకు

మన మిల్లు నుంచి లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) దాణా తీసుకునే రైతులందరికీ నమస్కారం.

గత నెలలో మీలో చాలామంది షెడ్లలో కోళ్లు పల్చగా రెట్ట వేశాయి. కేజ్‌ల కింద తడి, అడుగుపెడితే కళ్లు మండే ఘాటు, ఈగలు, ట్రేలలో మరకలు పడ్డ గుడ్లు. మండపేట నుంచి పెనుగొండ దాకా ఒకటే మాట తిరిగింది: "సంక్రాంతి తర్వాత దాణాలో మందు తీసేశాడు, అందుకే కోళ్లు ఇలా అయ్యాయి" అని. నా ముఖం మీద అన్నవాళ్లు తక్కువ, తమలో తాము అనుకున్నవాళ్లే ఎక్కువ. నాన్నగారి కాలం నుంచి మన దగ్గరే దాణా తీసుకుంటున్న ఇళ్లలో కూడా ఈ మాట నడిచిందని తెలిసి చాలా బాధేసింది. అందుకే ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం మానేసి అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

రెట్ట పల్చబడింది సోయా వల్ల. మందు తీసేసినందువల్ల కాదు. ఆ మందు మళ్లీ కలపను.

మందు అంటే ఏమిటో కొత్తగా ఫారం పెట్టినవాళ్ల కోసం చెబుతాను. టన్ను దాణాకు కొద్ది గ్రాముల చొప్పున రోజూ కలిపే యాంటీబయాటిక్ అది. జబ్బు చేసిన కోడికి ఇచ్చేది కాదు, బాగున్న కోడికి రోజూ పెట్టేది. పేగులో క్లాస్ట్రీడియం లాంటి చెడు బ్యాక్టీరియాను అణిచిపెడుతుంది, దాంతో రెట్ట గట్టిగా ఉంటుంది, తిన్నది ఒంటికి పడుతుంది. స్వీడన్‌లో ఎదుగుదల కోసం మేతలో ఇలా యాంటీబయాటిక్ కలపడం 1986లోనే ఆపేశారు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో 2006 జనవరి 1 నుంచి ఆగిపోయింది. మన దేశంలో 2019 జులైలో కొలిస్టిన్‌ను కోళ్లకూ పశువులకూ వాడకూడదని కేంద్రం నిషేధించింది. ఆస్పత్రిలో మనిషికి వేరే ఏ మందూ పనిచేయనప్పుడు వాడే ఆఖరి మందుల్లో అదొకటి.

నేను దేశాల లెక్కలు చూసి నిర్ణయం తీసుకోలేదు. ఈ.కోలి అనే బ్యాక్టీరియా జబ్బు పడిన షెడ్ల నుంచి శాంపిల్ ల్యాబ్‌కు పంపితే వచ్చే కాగితాలు చూసి తీసుకున్నాను. మందుల పేర్లు వరసగా ఉంటాయి, ఒక్కోదాని ఎదురుగా అది పనిచేస్తుందో లేదో రాసి ఉంటుంది. ఆ వరసలో "పనిచేయదు" అన్నవి ఏటికేడు పెరుగుతూ వచ్చాయి. బాగున్న కోడికి రోజూ చిటికెడు చొప్పున పెట్టి మందుకు అలవాటు పడిన బ్యాక్టీరియాను మనమే పెంచాం. తీరా రోగం వచ్చాక ఏం వేయాలో తెలియక డాక్టరుగారు తల పట్టుకుంటున్నారు. ఆ గుడ్డే మన ఇళ్లలో పిల్లలు తింటున్నారు.

మందు తీసేసి ఊరికే వదిలెయ్యలేదు. దాని బదులు బాసిల్లస్ సబ్టిలిస్ అనే మంచి బ్యాక్టీరియాను స్పోర్ రూపంలో, అంటే గట్టి పొరలో నిద్రపోతున్న రూపంలో కలుపుతున్నాం. స్పోర్ కాబట్టి గోదాం వేడికీ, కోడి కడుపులోని యాసిడ్‌కీ చావదు. పేగులోకి చేరాక మేల్కొని, చెడు బ్యాక్టీరియాకు చోటు లేకుండా చేస్తుంది. దానితోపాటు కోటింగ్ ఉన్న సోడియం బ్యూటిరేట్. పేగు లోపలి గోడ మీద విల్లై అనే సన్నటి మొలకలు ఉంటాయి, మేతలోని సారం పీల్చుకునేవి అవే. అవి పొడుగ్గా పెరగాలంటే ఆ గోడ కణాలకు శక్తి కావాలి, బ్యూటిరేట్ ఆ శక్తినిస్తుంది. కోటింగ్ లేనిదైతే చౌక, కానీ చాలావరకు పైనే ఖర్చయిపోయి కింది పేగుదాకా చేరదు. అందుకే ఖరీదైనా కోటింగ్ ఉన్నదే తెప్పిస్తున్నాను. మేత అరగడానికి ఎంజైములు, బూజు విషాలను పట్టుకునే టాక్సిన్ బైండర్ ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇంకో మార్పు గ్రైండర్‌లో జరిగింది. జల్లెడ మార్చాం, మొక్కజొన్న ఇప్పుడు కాస్త బరకగా పడుతోంది. దాణా పిండిలా మెత్తగా ఉంటే నాణ్యమైనదని మనలో ఒక నమ్మకం ఉంది. మెత్తటి పిండి తిన్న కోడికి కందనకాయతో పనే ఉండదు. చచ్చిన కోడిని కోసినప్పుడు చూడండి, మెత్తటి దాణా మీద పెరిగినదాని కందనకాయ చిన్నగా, పల్చగా ఉంటుంది. బరక మేత తిన్నదానిది కండ పట్టి గట్టిగా ఉంటుంది. అక్కడ బాగా నలిగిందే కింద పేగులో సరిగ్గా అరుగుతుంది.

ఇక సోయా సంగతి. ఏళ్లుగా మనకు సోయా చెక్క పంపుతున్న వ్యాపారి మీద నాకు అనుమానం అనేదే ఉండేది కాదు. మాటకు విలువిచ్చే మనిషి అనుకున్నాను. లోడు వచ్చినప్పుడు ఎప్పటిలాగే లారీ వెనక వైపు బస్తాల నుంచి శాంపిల్ తీసి చూశాం, బాగుంది. ల్యాబ్ కాగితం కూడా సరిగ్గానే ఉంది. తర్వాత తేలిందేమిటంటే వెనక వరసలు ఒక లాటు, లోపల పేర్చినవి ఇంకో లాటు. లోపలివి సరిగ్గా ఉడకనివి.

పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను పనిచేయనివ్వని పదార్థం ఉంటుంది. మేతలోని ప్రొటీన్‌ను అరిగించేది ట్రిప్సినే. సోయా నుంచి నూనె తీశాక ఆవిరి మీద సరిగ్గా వేడిచేస్తే ఆ పదార్థం పోతుంది, తొందరపడి దించేస్తే మిగిలిపోతుంది. అప్పుడు ప్రొటీన్ అరగకుండా కింది పేగుదాకా వెళ్లి అక్కడ కుళ్లుతుంది, చెడు బ్యాక్టీరియాకు అదే తిండి. రెట్ట నీళ్లగా, కంపుగా, మధ్యలో మేత ముక్కలు కనిపిస్తూ వస్తుంది. మీ షెడ్లలో కనిపించింది సరిగ్గా ఇదే. లేయర్ దాణాలో అయిదో వంతు దాకా సోయాయే ఉంటుంది. పదివేల కోళ్ల షెడ్డు రోజుకు టన్నుకు పైగా తింటుంది. ఎంత పచ్చి సోయా పేగుల్లోకి వెళ్లిందో మీరే లెక్కేయండి.

కారణం సోయా అని ఎలా తేలిందో కూడా చెబుతాను. డాక్టరుగారు చచ్చిన కోళ్లను మన మిల్లు దగ్గరే కోశారు. మందు లేనందువల్ల క్లాస్ట్రీడియం రేగి ఉంటే పేగు లోపల తువాలు నూగులాంటి పొర కట్టి ఉండాలి. అది లేదు. పేగు మొదటి మెలిక మధ్యలో ఉండే క్లోమం మాత్రం ఉబ్బి ఉంది. ట్రిప్సిన్ సరిపోక ఇంకా ఇంకా తయారుచేయబోయి అలా ఉబ్బుతుందని ఆయన చూపించారు. ఆ తర్వాత గోదాంలో మిగిలిన సోయా బస్తాలు ఒక్కొక్కటీ విప్పి, తెల్ల పళ్లెంలో పల్చగా పరిచి, యూరియా కలిపిన ఫినాల్ రెడ్ ద్రావణం పోశాం. బాగా ఉడికిన సోయా అయితే అక్కడక్కడా ఎర్రచుక్కలు వస్తాయి, మిగతాది పసుపుగానే ఉంటుంది. వెనక వరస బస్తాలది అలాగే ఉంది. లోపలి బస్తాలది చూస్తుండగానే పళ్లెం అంతా ఎర్రబడిపోయింది. మిల్లులో కుర్రాళ్లు కూడా నోట మాట లేకుండా నిలబడిపోయారు.

వ్యాపారికి ఆ ఫోటోలు పంపాను. "మీ గోదాంలో తడిసి ఉంటుంది" అన్నాడు. తడిస్తే సోయా పచ్చిదైపోదని చెప్పాను. "అందరూ వాడుతున్నారు, మీకొక్కరికే తేడా వచ్చిందా" అన్నాడు. ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది. అందరి దాణాలో మందు ఉంది. నాది ఒక్కడిదే మందు లేని దాణా. అతని సరుకులోని లోపం నా దగ్గర బయటపడింది, వేరేచోట మందు కింద దాగిపోయి ఉంటుంది.

మన దాణాలో కూడా మందు ఉండి ఉంటే రెట్ట ఇంతగా పల్చబడేది కాదు. ఆ మాట నేను దాచను. కింది పేగులో చేరే బ్యాక్టీరియాను మందు అణిచేది, కోడి పైకి బాగానే కనిపించేది. కానీ ప్రొటీన్ మాత్రం అరగకుండా పోయేది. మీరు డబ్బు పోసి కొన్న మేత రెట్టలో పోయేది, గుడ్డు బరువు తగ్గేది, కారణం ఎవరికీ తెలిసేది కాదు. ఇన్నేళ్లూ చెడ్డ సోయా, బూజు పట్టిన మొక్కజొన్న, నాసిరకం చేప పొడి మన కోళ్ల నోట్లోకి అలాగే వెళ్లాయి. మందు ఉందన్న ధీమాతో సరుకు చూసేవాళ్లే లేకుండా పోయారు.

మళ్లీ కలపాలా వద్దా అన్నది తేల్చుకోవడం నాకు తేలిక కాలేదు. స్టోర్‌రూమ్ పైఅరలో పాత మందు ప్యాకెట్లు ఇంకా ఉన్నాయి. నేను బాబాయ్ గారు అని పిలిచే ఒక పెద్ద రైతు రాత్రిపూట ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, నీ పట్టుదల తర్వాత. ముందు రెట్ట గట్టిపడాలి. ఆ పొడి కలిపి పంపు" అన్నారు. కలిపితే నాలుగు రోజుల్లో షెడ్లు ఆరేవి, ఫోన్లు ఆగేవి. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి షెడ్డులో ఏ చిన్న తేడా కనబడినా ఎంత టెన్షన్ పడుతున్నామో నాకూ తెలుసు. రాత్రంతా నిద్ర పట్టలేదు. కానీ అప్పుడు కలిపి ఉంటే, మందు తీసేయడమే తప్పని నా చేతులతో నేనే రుజువు చేసినట్టు అయ్యేది. చెడ్డ సోయా పంపినవాడు దర్జాగా ఇంకో లోడు పంపేవాడు. పొద్దున్నే బాబాయ్ గారికి ఫోన్ చేసి కలపనని చెప్పాను. ఆయన ఇప్పుడు వేరే మిల్లులో దాణా తీసుకుంటున్నారు. వెళ్లినందుకు నాకు కోపం లేదు, బాధ ఉంది. నా మాట మాత్రం మారదు.

జబ్బు చేసిన కోళ్లకు మందు వద్దని నేను ఎప్పుడూ అనలేదు. డాక్టరుగారు చూసి రాస్తే, ఆయన చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. ఆ రోజులతోపాటు, ఆ తర్వాత ఆయన చెప్పినన్నాళ్లు ఆ గుడ్లు అమ్మకండి.

ఇప్పుడు సోయా వేరేచోట నుంచి తెప్పిస్తున్నాం. లారీ నడుము నుంచి, కింది వరసల నుంచి కూడా బస్తాలు దింపించి, పళ్లెం పరీక్ష అయ్యాకే సరుకు గోదాంలోకి వెళ్తుంది. మరీ మాడిన సోయా కూడా పనికిరాదు, ప్రొటీన్‌లో కోడికి ముఖ్యమైన లైసిన్ పోతుంది, కాబట్టి అసలు ఎర్రచుక్కే రాని సరుకును కూడా పక్కన పెట్టి ల్యాబ్‌కు పంపుతున్నాం. మొక్కజొన్న తేమ 14 శాతం దాటితే వెనక్కి పంపేస్తున్నాం. ఇవన్నీ చేశాక బస్తాకు 15 రూపాయలు పెరిగింది. తగ్గించమని అడగకండి, తగ్గించాలంటే పాత దారే ఉంది.

మీ వైపు నుంచి నీళ్ల సంగతి చూసుకోవాలి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో కాలువ నీళ్లు తాగించే షెడ్లలో నేను ఏ మంచి బ్యాక్టీరియా కలిపినా లాభం ఉండదు. నీళ్లు తేర్చి, క్లోరిన్ వేసి, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ లైన్లు కడిగాకే వదలండి. నీళ్లలో కలిపే లాక్టోబాసిల్లస్ (ఇదీ మంచి బ్యాక్టీరియాయే) పొడులు వాడేవాళ్లు ఆ పూట క్లోరిన్ ఆపాలి, లేకపోతే పొడి డబ్బు వృథా. నీళ్లకు వేసే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. రాజోలు, అంతర్వేది వైపు ఉప్పుబోర్లు ఉన్నవాళ్లు ముందే చెబితే దాణాలో ఉప్పు తగ్గించి ఇస్తాను. ఎండుచేప విడిగా కలుపుకునేవాళ్లు కూడా అంతే, ఆ చేపలో ఉన్న ఉప్పే చాలు రెట్ట పల్చబడటానికి.

నష్టం విషయం డబ్బు లెక్కల్లో మీతో విడివిడిగా మాట్లాడుతున్నాను, ఎవరినీ తిప్పించుకోను. ఆ లోడు సోయాతో తయారైన బస్తాలకు నీలం దారం కుట్టు ఉంది, ఇప్పుడు వస్తున్నవాటికి ఎర్ర దారం. నీలం దారం బస్తాలు ఎవరి దగ్గర మిగిలినా, సగం వాడినవైనా సరే, పంపేయండి. బండి కిరాయి మాదే, బదులు దాణా అదే బండిలో వస్తుంది.