లామకాన్‌కి, సురభి కాలనీకి, ఇంకా చాలామందికి థాంక్స్

మొన్న శనివారం బంజారాహిల్స్‌లో లామకాన్ అనే కళావేదికలో మా నాటిక ఆడింది. కుర్చీలు చాలక కొంతమంది నిలబడే చూశారు, వాళ్ళందరికీ ముందుగా నమస్కారం. కానీ ఈ పోస్టు ముఖ్యంగా వెనకుండి సాయం చేసినవాళ్ళ కోసం. ఆరోజు చివర్లో వాళ్ళ పేర్లు మైకులో గబగబా చదివేశాం, సగం చప్పట్లలోనే కలిసిపోయాయి.

హైదరాబాద్‌లో చిన్న నాటక బృందానికి ప్రదర్శన ఖర్చు కన్నా రిహార్సల్‌కి చోటు దొరకడమే పెద్ద టెన్షన్. రవీంద్రభారతో, త్యాగరాయ గానసభో అయితే ఒక్క సాయంత్రమే కదా, తలా కొంత వేసుకుని ఎలాగో కట్టేస్తాం. ఆఫీసులయ్యాక రాత్రిపూట, వారాల తరబడి, గొంతెత్తి డైలాగులు చెప్పుకోవడానికి చోటు ఎవరిస్తారు? మేం ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదలుపెట్టాం. కథలో తండ్రీకొడుకుల గొడవ ఒకటుంది, అది నిజం గొడవే అనుకుని వాచ్‌మన్ పైకి ఫోన్ చేశాడు, మర్నాడు అసోసియేషన్ వాళ్ళు ఇక వద్దన్నారు. వాళ్ళనీ ఏమనలేం, పిల్లల పరీక్షల టైం.

అప్పుడు మాలో ఒకమ్మాయి లామకాన్ వాళ్ళకి రాసి చూద్దామంది. తెలుగు నాటకాలు వేసే మా లాంటివాళ్ళకి ఆ చోటంటే కాస్త బెరుకు, అక్కడ అన్నీ ఇంగ్లీషు, ఉర్దూ ప్రోగ్రాములేనని. అవి ఉంటాయి, నిజమే, కానీ మనవాళ్ళు వెళ్ళి అడిగితేనే కదా మనవీ ఉండేది! ఒకప్పుడు అది ఒక ఫోటోగ్రాఫర్ ఇల్లు. ఆయన పోయాక కుటుంబం వాళ్ళు, అమ్మితే కోట్లు పలికే ఆ స్థలాన్ని, 2010లో ఇలా కళలకీ సభలకీ తెరిచిపెట్టారు. మమ్మల్ని అడిగింది నాటిక దేని గురించి, ఎంతమంది వస్తారు, అంతే. ఖాళీగా ఉన్న సాయంత్రాల్లో రిహార్సల్ చేసుకోమన్నారు. ఆలస్యమైన రోజుల్లో గేటు దగ్గర అన్న విసుక్కోకుండా కూర్చున్నాడు, క్యాంటీన్‌లో మిగిలిన సమోసాలు కూడా మాకే పెట్టారు.

ఇక తెర సంగతి. మా కథలో ముసలాయన ఒకప్పటి పద్యనాటక నటుడు, ఇప్పుడు కొడుకు ఫ్లాట్‌లో ఒక మూల ఉంటాడు. ఆఖరి సీన్‌లో ఆయన వెనక దర్బారు తెర, అంటే రాజసభ బొమ్మ వేసిన తెర, పడాలి. ఫ్లెక్స్ కొట్టిద్దాం అన్నారు కొందరు. లైటు పడితే ఫ్లెక్స్ మెరుస్తుంది, ముఖం కనిపించదు, అసలు చూడ్డానికే పెళ్ళి బ్యానర్‌లా ఉంటుంది! శేరిలింగంపల్లి సురభి కాలనీకి వెళ్ళి అడిగాం. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన నాటక కుటుంబాలవి, ఇన్ని తరాలుగా నాటకమే బతుకు. అక్కడొక పెద్దాయన మా మాట పూర్తిగా వినకముందే లోపలికెళ్ళి చేత్తో రంగులేసిన గుడ్డ తెర తీసుకొచ్చారు. అద్దె ఎంతండీ అంటే ట్రాలీ ఆటో డబ్బులు మీరే పెట్టుకోండి బాబూ అన్నారు. మడత పెడితే రంగు పగులుతుందని కర్రకి చుట్టడం నేర్పించారు. ప్రదర్శన రోజు తనే వచ్చారు, ఆరుబయట గాలికి తెర ఎగురుతుంటే అడుగు కర్రకి ఇటుకలు కట్టించి, సీన్ అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు. ఆయన పేరు రాస్తానంటే వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. బాబాయ్‌గారూ, మీకు మా అందరి పాదాభివందనాలు.

చిక్కడపల్లి నుంచి హార్మోనియం మోసుకొచ్చి పైసా తీసుకోకుండా వాయించిన మాస్టారికి, వెలుగు పెంచి తగ్గించే ఒక్క డిమ్మర్‌తో అన్ని సీన్లూ నడిపించిన లైట్ల తమ్ముడికి, కిరీటం అరువిచ్చిన డ్రెస్ కంపెనీ అక్కకి కూడా చాలా థాంక్స్. టికెట్ పెట్టలేదు, డబ్బా ఒకటి తిప్పాం. అందులో పడినదాంతో లైట్ల అద్దె తీరిపోయింది, మిగిలింది తర్వాతి నాటికకి దాచాం.

నాటకాలు వేసే మిగతా పిల్లలకి ఒకటే చెప్తాను, మొహమాటపడకండి, వెళ్ళి అడగండి. లామకాన్‌కి ఏం రాయాలో, తెర ఎలా తీసుకెళ్ళాలో మేం చెప్తాం, కామెంట్ పెట్టండి చాలు.

అన్నట్టు, ఆరోజు ఎవరో మూడు గిన్నెల స్టీలు క్యారియర్ మర్చిపోయి వెళ్ళారు. కడిగి పెట్టాం, మా దగ్గరే ఉంది, ఎవరిదో చెప్తే తెచ్చిస్తాం.