అచ్చు చీరను పోచంపల్లి పేరుతో అమ్మనివ్వకండి

గౌరవనీయులైన జిల్లా చేనేత, జౌళి శాఖ అధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయంపై మీ కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

పోచంపల్లి చీరకు ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ చుట్టాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. మా అమ్మ ఏళ్ల తరబడి ఆ పని చేసింది, ఇప్పుడు ఆమె కుడి భుజం పైకి లేవదు. చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. మా ఇంటికి అది ఆలస్యంగా వచ్చింది. ఆసు అయ్యాక నూలుకు రంగు అంటకూడని చోట రబ్బరుతో గట్టిగా చుట్టి (చిటికి కట్టి), రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు.

అదే డిజైన్‌ను మిల్లు గుడ్డపై అచ్చు వేసి 'పోచంపల్లి' అని అమ్ముతున్నారు. తిప్పి చూడండి, నేసిన చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు చీర వెనుక వెలిసినట్టుంటుంది. నాలుగు ఉతుకులకు అది మసిగుడ్డే. అమ్మ పెళ్లినాటి చీర నేను ఇప్పటికీ కడుతున్నాను. అయినా మా తమ్ముడు మగ్గం వదిలి సెక్యూరిటీ గార్డుగా వెళ్లాడు.

ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం లోపు దుకాణాలు తనిఖీ చేయించండి. ఇలా ముందే నూలుకు రంగులద్ది నేసే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. ఆ పేరుతో నకిలీ అమ్మేవారిపై 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద ఫిర్యాదు చేయండి. అచ్చు బట్టకు 'ప్రింట్' అని స్పష్టంగా రాయించండి. తనిఖీ ఫలితాలను మీ ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టండి.

ఇట్లు,
ఒక నేత కార్మికురాలి కూతురు