దారి గీసిచ్చి బలం ఎటని అడిగితే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో ఇచ్చిన ఫిజిక్స్ బిట్లలో ఒకదాని గురించి ఈ ఉత్తరం. 'ఒక కణం దీర్ఘవృత్తాకార మార్గంలో తిరుగుతోంది, దానిపై పనిచేసే బలం ఎటువైపు ఉంటుంది?' అని అడిగి, కింద తలకిందులుగా 'కేంద్రం వైపు' అని జవాబు అచ్చేశారు. ఇక్కడ మారతహళ్లిలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే తెలుగు పిల్లలు దీని మీద పెద్ద గొడవే పెట్టుకున్నారు. ఒకడేమో పేపర్లో వేశారు కాబట్టి కేంద్రమే అంటాడు, ఇంకో అమ్మాయేమో కాదు, నాభి వైపు, ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లోనే సూర్యుణ్ణి నాభిలో పెట్టాడు కదా అంటుంది. (నాభి అంటే ఫోకస్, సాగదీసిన వృత్తంలాంటి దీర్ఘవృత్తంలో పొడవు గీత మీద కేంద్రానికి చెరో వైపు సమాన దూరంలో ఉండే రెండు బిందువుల్లో ఒకటి.) ఇద్దరిదీ తప్పు కాదండీ, ప్రశ్నే సగం.

దారి ఒక్కటే ఇస్తే బలం తెలీదు. ఆ దారిలో ఎక్కడ ఎంత వడిగా పోతోందో కూడా ఇవ్వాలి. మా అవుటర్ రింగ్ రోడ్డులో ఒకే మలుపుని అర్ధరాత్రి క్యాబ్ ఒకలా తిప్పుతుంది, సాయంత్రం ఆరింటికి ఆఫీసు బస్సు ఇంకోలా ఈడుస్తుంది. రోడ్డు వంపు చూపించి, లోపల కూర్చున్నవాళ్లు ఎంత ఒరిగారో చెప్పమంటే ఎవరు చెప్తారు?

లెక్క వేసే చూపిస్తాను. పొడవు 20 సెం.మీ., వెడల్పు 10 సెం.మీ. ఉన్న దీర్ఘవృత్తం తీసుకోండి. కణం వడి ఎక్కడా మారకుండా తిరిగితే బలం దారికి లంబంగా ఉంటుంది, నాలుగు చోట్ల తప్ప కేంద్రం వైపు కూడా చూడదు. పొడవు వైపు కొనల దగ్గర వంపు వ్యాసార్ధం (ఆ వంపుకి అతికే వృత్తం వ్యాసార్ధం) 2.5 సెం.మీ., వెడల్పు వైపు పక్కల దగ్గర 20 సెం.మీ. వడి ఒకటే కాబట్టి ఈ వ్యాసార్ధం తగ్గినన్ని రెట్లు బలం పెరుగుతుంది, అంటే కొనల్లో బలం పక్కలకి 8 రెట్లు. అదే దారిలో స్ప్రింగు లాగినట్టు, దూరం పెరిగేకొద్దీ బలం పెరిగేలా కేంద్రం వైపు లాగితే, కొనల్లో బలం పక్కలకన్నా 2 రెట్లే. ఇక గ్రహంలాగా నాభి వైపు, దూరం వర్గానికి విలోమంగా (దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతయ్యేలా) లాగితే, నాభికి దగ్గరి కొన 1.34 సెం.మీ. దూరంలో, అవతలి కొన 18.66 సెం.మీ. దూరంలో ఉంటాయి, రెండు కొనల మధ్యే బలం తేడా 194 రెట్లు! గీత ఒకటే, జవాబులు మూడు. న్యూటన్ 1687 నాటి తన పుస్తకం ప్రిన్సిపియాలో కేంద్రం వైపు లాగే బలాన్నీ నాభి వైపు లాగే బలాన్నీ వరసగా పదో, పదకొండో ప్రతిపాదనల్లో విడివిడిగా తేల్చాడు. మన బిట్ బ్యాంకులు మాత్రం రెంటినీ కలిపి ఒక్క ముక్కలో తేల్చేస్తాయి.

నమ్మకపోతే ఇంట్లోనే చూడొచ్చు. పొడవాటి దారానికి తాళం కప్ప కట్టి గుమ్మానికి వేలాడదీసి, ఒక వైపుకి లాగి, వదిలేటప్పుడు అడ్డంగా కొంచెం నెట్టండి, అది కోడిగుడ్డు ఆకారంలో చుట్టు తిరుగుతుంది. రెండు కొనల్లోనూ నెమ్మదిస్తుంది, పక్కల దగ్గర పరుగెత్తుతుంది, అంటే ఒక్క చుట్టులో రెండుసార్లు జోరందుకుంటుంది. గ్రహం అలా కాదు, నాభికి దగ్గరి కొనలో ఒక్కసారే. (కాసేపటికి కప్ప తిరిగే చుట్టే మెల్లగా పక్కకి తిరగడం మొదలుపెడుతుంది, అది వేరే కథ, దాన్ని పిల్లలకి ఇప్పుడే చెప్పి టెన్షన్ పెట్టకండి.)

మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్‌నే ఉదాహరణగా ఇవ్వొచ్చు కదా. 2014 సెప్టెంబరు 24న అంగారకుడి చుట్టూ చేరినప్పుడు దాని కక్ష్య ఉపరితలం నుంచి దగ్గరగా సుమారు 422 కి.మీ., దూరంగా సుమారు 77 వేల కి.మీ. గ్రహం కేంద్రం నుంచి లెక్కేస్తే దగ్గర్లో లాగే బలం దూరంలో కన్నా 400 రెట్లకి పైనే. దాన్ని నడిపింది మా బెంగళూరు పీణ్యాలోని ఇస్ట్రాక్ (ఉపగ్రహాలని నడిపే ఇస్రో కేంద్రం) నుంచే, మా ఊరి దగ్గరే బ్యాలాళులో ఉన్న 32 మీటర్ల యాంటెన్నా దాని మాట విన్నది.

ఇంకోటి. అదే పేజీలో 'అభికేంద్ర, అపకేంద్ర బలాలు సమానం కాబట్టి ఉపగ్రహం పడిపోదు' అని రాశారు, అంటే లోపలికి లాగే బలమూ బయటికి తోసే బలమూ సమానమని. బయటి నుంచి చూసే మనకి దాని మీద పనిచేసేది గ్రహం లాగుడొక్కటే. నిజంగా రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే అది తిన్నగా పోవాలి గానీ వంపు తిరగదు. పైగా దీర్ఘవృత్తంలో ఆ లాగుడు చాలాచోట్ల దారికి ఏటవాలుగా ఉంటుంది, దగ్గరికొచ్చేటప్పుడు ముందుకి లాగి వడి పెంచుతుంది, దూరం పోయేటప్పుడు వెనక్కి లాగి తగ్గిస్తుంది. వృత్తం పాఠంలో ఈ ముక్క రాదు కాబట్టి పిల్లలు బట్టీ పట్టిన సూత్రంలో వ్యాసార్ధం బదులు ఏదో ఒక దూరం పెట్టేసి మార్కులు పోగొట్టుకుంటున్నారు.

వచ్చే వారం సవరణ వేసేటప్పుడు జవాబు మార్చి ఊరుకోకండి, ప్రశ్నలో 'కేంద్రం నుంచి దూరానికి అనులోమంగా' అనో 'నాభి వైపు' అనో ఒక్క మాట చేర్చండి. పక్కన వేసిన బొమ్మలో సూర్యుణ్ణి కూడా మధ్యలోంచి తీసి నాభిలో పెట్టించండి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ ట్యూషన్ మాస్టారు,
మారతహళ్లి, బెంగళూరు