పెన్షన్ లెక్క మళ్లీ వేసుకోండి

సంపాదకులకు,

ఆర్థిక వృద్ధి ఆగకుండా సాగుతుందన్న ధీమాతో వేసుకున్న రిటైర్మెంట్ లెక్కలు ఇక నిలబడవు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకే డబ్బు విలువ సగమవుతుంది. అంతకన్నా పెద్ద ముప్పు, ఉద్యోగం మానిన తొలి ఏళ్లలోనే షేర్ మార్కెట్ పడిపోవడం. షేర్లలో పెట్టిన నూరు రూపాయలు 70కి దిగితే మళ్లీ నూరవడానికి 43 శాతం పెరగాలి. ఈలోగా ఇంటిఖర్చుకు 5 తీశారా, మిగిలిన 65కి 54 శాతం కావాలి! అందుకే రెండుమూడేళ్ల ఖర్చును షేర్ల జోలికి పోకుండా డిపాజిట్లలో విడిగా ఉంచాలి. అప్పులు ముందే తీర్చేయాలి.

ఒంట్లో సత్తువా పొదుపే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి రోజూ పదిసార్లు లేచి కూర్చోండి. స్నానాలగదిలో జారిపడకుండా పట్టుకునే కడ్డీ బిగిస్తే మరలు టైలు దాటి గోడలోకి దిగాలి. లేదంటే బరువు పడగానే ఊడివస్తుంది.

– ఒక పాఠకురాలు