ఇకపై పాస్‌పోర్టు ఫొటోలకు టచప్ చెయ్యం

ముందు సారీ. పోయిన వారం ఇస్తామన్న రెండు పెళ్లి ఆల్బమ్‌లు ఇంకా మీ చేతికి రాలేదు. ల్యాబ్ మీదకి నెట్టేయొచ్చు గానీ తప్పు నాదే. ఆదివారం డిజైనింగ్ పక్కన పడేసి హైదరాబాద్‌లోని బాలాపూర్ వెళ్లాను. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల బస్తీ ఉందక్కడ, ఆ బస్తీ పెద్దమనిషి ఫొటో కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు అడిగారు. డబ్బులు పెద్దగా లేవు, అయినా ఒప్పుకున్నాను.

ఆయన్ని అందరూ చాచా అంటారు. పేరు రాయను, ఆ ఫొటో షాపులోనూ పెట్టను. ఆయన చుట్టాలు ఇంకా మయన్మార్‌లో, రఖైన్‌లోనే ఉన్నారు. 1982 పౌరసత్వ చట్టంతో అక్కడ వీళ్లు ఏ దేశమూ లేనివాళ్లయ్యారు. 2017లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. ఈయన అంతకు ముందే ఇటొచ్చేశారు. చేతిలో ఉన్నది యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) కార్డు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, కాబట్టి ఆ కార్డుకి విలువ ఎదుట కూర్చున్న ఆఫీసర్ని బట్టే. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, పిల్లల్ని బడిలో వేయాలన్నా జిరాక్సులు పట్టుకుని తిరిగేది చాచానే.

గుడిసె మీద నీలం టార్పాలిన్. లోపల ఎక్కడ కూర్చోబెట్టినా మొహం నీలంగా పడుతోంది. చివరికి గుమ్మంలో కుర్చీ వేసి, మా కుర్రాడితో థర్మకోల్ షీటు పట్టించాను. బాగా వచ్చింది. రాత్రి అలవాటు కొద్దీ ముడతలు తీసేసి, రంగు కాస్త తెల్లగా చేశాను.

మర్నాడు ప్రింటు చూసి చాచా ఏమీ అనలేదు. పాలిథిన్ కవర్లోంచి కొన్ని పాస్‌పోర్టు ఫొటోలు తీసి బోర్లా పరిచారు. ప్రతిదాని వెనకా మా స్టూడియో ముద్ర! "కార్డులో ఉన్న మనిషి, ఫొటోలో ఉన్న మనిషి ఒకరేనా అని అడుగుతున్నారు భాయ్" అన్నారు హిందీలో. ఒకామె గడ్డం మీద పుట్టుమచ్చ. అది తుడిచేసింది నేనే. ఆమెని రెండుసార్లు వెనక్కి పంపారట.

ఇకపై ఐడీ ఫొటోల్లో బ్యాక్‌గ్రౌండ్, వెలుతురు తప్ప ఇంకేం ముట్టుకోం. "కొంచెం తెల్లగా చెయ్యన్నా" అన్నా చెయ్యం. పెళ్లి ఫొటోలు మీ ఇష్టం (మా ఆవిడ అక్కడ కూడా మానెయ్యమంటోంది). మీ పాత ఫొటోల్లో మచ్చో గాటో మాయమై ఉంటే పట్టుకు రండి, ఫ్రీగా మళ్లీ తీస్తాం.

ఆల్బమ్‌లు గురువారం సాయంత్రం రెడీగా ఉంటాయి.